దవడ కీలు ఎముక దెబ్బతింటే సీటీ స్కాన్ ఎంతవరకు పట్టుకోగలదు?

దవడ దగ్గర నొప్పి అంటే ముందుగా పన్ను గుర్తొస్తుంది. తర్వాత చెవి. పళ్ల డాక్టరు చూసి పన్ను బాగానే ఉందంటారు. చెవి డాక్టరు చూసి చెవి బాగానే ఉందంటారు. ఈలోగా నెల గడిచిపోతుంది. ఆ తర్వాత ఎవరో ఒకరు చెవి ముందు వేలు పెట్టి, నోరు తెరిపించి, మూయించి, ‘ఇది పన్ను కాదు, దవడ జాయింటు. ఒకసారి సీటీ తీయించి చూద్దాం’ అంటారు.

ఇంట్లో ప్రశ్నలు మొదలయ్యేది అప్పుడే. అసలు సీటీ అవసరమా? అందులో ఏమీ లేదని వస్తే నిశ్చింతగా ఉండవచ్చా? ఏదో ఉందని వస్తే ఆపరేషనేనా? ఈ మూడు ప్రశ్నలకూ మూలంలో ఉన్నది ఒకటే: ఆ స్కాన్ చెప్పేది ఎంతవరకు నిజం?

నేను డాక్టర్ని కాను, ఎంబీఏ చదివిన బ్యాంకు అధికారిని. వైద్యం గురించి సలహా చెప్పే అర్హత నాకు లేదు. అయితే ఒక పరీక్ష ఎంత నమ్మదగినదో చెప్పే అంకెలు మన వృత్తికి కొత్తవి కావు. ఈ వ్యాసంలో నేను చెప్పబోయేది ఆ అంకెలను ఎలా చదవాలనే.

చెవి ముందున్న ఆ చిన్న కీలు

చెవి రంధ్రానికి సరిగ్గా ముందు చూపుడు వేలు పెట్టి, నోరు మెల్లగా తెరవండి. వేలి కింద ఏదో కదిలినట్టు అనిపిస్తుంది. అదే కింది దవడ ఎముక తల. డాక్టర్లు దాన్ని కాండైల్ అంటారు. అది పుర్రె అడుగున ఉన్న ఒక పల్లంలో కూర్చుని ఉంటుంది. రెండింటికీ మధ్య మెత్తటి దిండులాగా ఒక డిస్కు ఉంటుంది.

మోకాలో మోచెయ్యో తలుపు బందులాగా ప్రధానంగా మడుచుకుంటుంది, చాచుకుంటుంది. దవడ కీలు రెండు పనులు చేస్తుంది. నోరు తెరవడం మొదలుపెట్టినప్పుడు ఎముక తల ఉన్నచోటే తిరుగుతుంది. ఇంకా తెరిస్తే పల్లంలోంచి బయలుదేరి ముందుకు జారుతుంది. పైగా కుడి కీలు, ఎడమ కీలు రెండూ ఒకే ఎముకకు రెండు చివరలు. ఒకటి మొరాయిస్తే రెండోదానిమీద భారం పడుతుంది. మామూలుగా మన మూడు వేళ్లు నిలువుగా పట్టేంత నోరు తెరుచుకోవాలి.

ఇక్కడ వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం కండరాలవో డిస్కువో. ఆవులించినప్పుడు ‘టక్’మనే శబ్దం సాధారణంగా డిస్కు పక్కకు జరిగి మళ్లీ చోటుకు వచ్చినప్పటిది. నొప్పి, పట్టేయడం లేకపోతే ఆ శబ్దానికి చాలామందిలో చికిత్సే అక్కర్లేదు. ఇసుక మీద చెప్పు రాసినట్టు ‘గరగర’మనే శబ్దం వేరు. అది ఎముక ఉపరితలం దెబ్బతిన్నదేమోనన్న అనుమానం కలిగిస్తుంది.

స్కాన్ రిపోర్టుల్లో ఎముక మార్పులకు నాలుగైదు మాటలు తరచుగా కనిపిస్తాయి. ఎరోజన్ అంటే ఎముక పైపొర కొరికేసినట్టు పోవడం. ఆస్టియోఫైట్ అంటే అంచున ముల్లులాగా కొత్త ఎముక పెరగడం. సబ్‌కార్టికల్ సిస్ట్ అంటే పైపొర కింద చిన్న గుంట. స్క్లెరోసిస్ అంటే ఎముక మామూలుకన్నా గట్టిపడటం. ఫ్లాటెనింగ్ అంటే గుండ్రంగా ఉండవలసిన తల చదునుబారడం. అన్నీ ఒకే బరువున్న మాటలు కావు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

మామూలు ఎక్స్‌రే ఎందుకు చాలదు?

ఈ కీలు పుర్రెలో దట్టమైన ఎముక కింద నక్కి ఉంటుంది. పక్కనుంచి ఎక్స్‌రే తీస్తే రెండు పక్కల కీళ్లు, చెవి చుట్టూ ఉన్న ఎముక, అన్నీ ఒకదానిమీద ఒకటి పడతాయి. పళ్ల ఆసుపత్రుల్లో ముఖం చుట్టూ యంత్రం తిప్పి తీసే ఓపీజీ పళ్లకు బాగా పనికొస్తుంది. కీలును మాత్రం అది ఏటవాలుగా, ఒకే కోణం నుంచి చూస్తుంది. ఎముక తల బయటి అంచున కోత ఉంటే అందులో దొరక్కపోవచ్చు.

ఈ చిక్కుకు దారి చూపింది సీటీ. 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో తొలిసారి ఒక రోగికి సీటీ స్కాన్ తీశారు. దాన్ని రూపొందించిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ ఈఎంఐ కంపెనీలో ఇంజనీరు. ఘంటసాల పాటల రికార్డుల మీద మనం చూసిన కుక్క బొమ్మ హెచ్‌ఎంవీ కూడా ఆ కుటుంబానిదే. పాటల కంపెనీ నుంచి స్కానింగ్ యంత్రం రావడం నాకు ఎప్పుడు తలచుకున్నా వింతగానే ఉంటుంది. ఈ పద్ధతికి గణిత పునాది వేసిన అలన్ కార్మాక్‌తో కలిపి హౌన్స్‌ఫీల్డ్‌కు 1979లో వైద్యంలో నోబెల్ బహుమతి ఇచ్చారు.

సీటీ చేసే పని చెప్పడానికి సులువే. చుట్టూ అనేక కోణాల నుంచి ఎక్స్‌రేలు పంపి, కంప్యూటరు లెక్కతో లోపలి భాగాన్ని పొరలు పొరలుగా తిరిగి కడుతుంది. బ్రెడ్డు ముక్కల్లాగా ఏ పొరకాపొర విడిగా చూడవచ్చు. ఆసుపత్రుల్లో పడుకోబెట్టి తీసేది హెలికల్ సీటీ. పళ్లు, దవడల కోసం 1990ల చివర్లో వచ్చింది కోన్ బీమ్ సీటీ, అంటే సీబీసీటీ. ఇందులో చాలా యంత్రాల దగ్గర కూర్చునో నిలబడో ఉంటే చాలు, యంత్రం తల చుట్టూ ఒక్కసారి తిరుగుతుంది. ఎముకను చాలా సన్నగా చూపిస్తుంది. డిస్కును, కండరాలను మాత్రం చూపలేదు. వాటికి ఎంఆర్‌ఐ కావాలి.

తాడును పామనుకోవడం, పామును తాడనుకోవడం

ఏ పరీక్షకైనా రెండు రకాల పొరపాట్లుంటాయి. లేనిది ఉన్నట్టు చెప్పడం ఒకటి, తాడును చూసి పామనుకున్నట్టు. ఉన్నది లేనట్టు చెప్పడం రెండోది, పామును చూసి తాడనుకున్నట్టు.

మన క్యాష్ కౌంటర్‌లో నోట్లు పరీక్షించే యంత్రాన్ని తలచుకోండి. కట్టలో పది నకిలీ నోట్లుంటే ఎనిమిదింటిని పట్టుకుందనుకుందాం. దాని సెన్సిటివిటీ 80 శాతం. అంటే ఉన్నదాన్ని పట్టే శక్తి. అసలైన నోట్లు వందలో ఎన్నింటిని ‘అసలైనవే’ అని వదిలిపెడుతుందో అది స్పెసిఫిసిటీ. అంటే లేనిదాన్ని లేదని చెప్పే శక్తి. సెట్టింగు కఠినంగా పెడితే నకిలీ ఒక్కటీ తప్పించుకోదు, కానీ పాతబడిన మంచి నోట్లన్నీ బయటికి వచ్చేస్తాయి. వదులుగా పెడితే క్యూ త్వరగా కదులుతుంది, నకిలీ నోటూ దానితోపాటు లోపలికి వెళ్లిపోతుంది. ‘ఈ యంత్రం 90 శాతం కరెక్టు’ అని ఎవరైనా ఒకే అంకె చెబితే మన క్యాషియరు ఒప్పుకోరు. ఏ రకం పొరపాటు ఎంత అని అడుగుతారు. స్కాన్ విషయంలోనూ అలాగే అడగాలి.

ఇరవై ఒక్క కీళ్లు చెప్పిన సంగతి

స్కాన్ చెప్పింది నిజమో కాదో తేల్చాలంటే అసలు ఎముకను కంటితో చూడాలి. బతికున్న మనిషిలో అది కుదరదు. అందుకే ఈ రంగంలో ముఖ్యమైన పరీక్షలు చనిపోయినవారి కీళ్ల మీద, పుర్రెల మీద జరిగాయి.

జపాన్, నార్వే పరిశోధకులు కలిసి 2006లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. శవ పరీక్షల నుంచి సేకరించిన 21 దవడ కీళ్లకు సీబీసీటీ, హెలికల్ సీటీ రెండూ తీశారు. తర్వాత ఎముకలను నేరుగా చూశారు. పదింటిలో ఎముక మార్పులున్నాయి, పదకొండు బాగున్నాయి. చెడిపోయిన పదింటిలో సీబీసీటీ ఎనిమిదింటిని, హెలికల్ సీటీ ఏడింటిని పట్టుకున్నాయి. బాగున్న పదకొండింటినీ రెండూ బాగున్నాయనే చెప్పాయి. సెన్సిటివిటీ 80 శాతం, 70 శాతం. స్పెసిఫిసిటీ రెండింటికీ 100 శాతం.

ఈ అంకెలను ఇలాగే ఒక ప్రకటనలో వేస్తే ‘సీబీసీటీ పది శాతం మెరుగు, తప్పుడు హెచ్చరికలు సున్నా’ అని మెరిసిపోతాయి. కాస్త ఆగి చూద్దాం. 80కీ 70కీ మధ్య తేడా ఒకే ఒక్క ఎముక. ఆ ఒక్క ఎముకతో ఈ యంత్రం గొప్పదని, ఆ యంత్రం తక్కువదని తీర్పు చెప్పలేం. పరిశోధకులు కూడా చెప్పలేదు, రెండూ ఇంచుమించు సమానమన్నారు. ఇక పదిలో ఎనిమిది అన్నప్పుడు అసలు సామర్థ్యం గణాంకశాస్త్రం లెక్కన సుమారు 44 నుంచి 97 శాతం మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. నమూనా అంత చిన్నది. పదకొండుకు పదకొండు సరిగ్గా చెప్పడం కూడా ‘ఎప్పటికీ తప్పదు’ అనే హామీ కాదు. పదకొండు మంది రుణగ్రహీతలు వాయిదాలు సక్రమంగా కట్టారని ఆ పథకంలో మొండి బకాయిలే ఉండవని మనం రాసుకుంటామా?

అయినా ఈ చిన్న అధ్యయనం చూపిన దిశ నాకు ముఖ్యంగా తోస్తుంది. ఆ కీళ్లలో సీటీ తాడును పామనలేదు. పామును మాత్రం ఒకటి రెండుసార్లు వదిలేసింది. అంటే సరైన అనుమానంతో తీసిన సీటీలో స్పష్టమైన కోత కనబడితే దాన్ని గట్టిగా పట్టించుకోవాలి. ఏమీ కనబడకపోతే ‘పెద్ద మార్పులు లేవు’ అనుకోవచ్చు గాని ‘అసలేమీ లేదు’ అని ముద్ర వేయకూడదు.

ఎందుకు వదిలేస్తుంది? స్కాన్‌లో ఎముక చిన్న చిన్న ఘనపు గడులుగా నమోదవుతుంది. ఒక గడిలో సగం ఎముక, సగం ఖాళీ ఉంటే యంత్రం రెండింటి సగటు చూపిస్తుంది. గడికన్నా చిన్న కోత ఆ సగటులో కలిసిపోతుంది. మన బ్రాంచి సగటు నిల్వ బాగుందంటే ప్రతి ఖాతా బాగున్నట్టు కాదు కదా. దానికితోడు రోగి తల కాస్త కదిలినా బొమ్మ మసకబారుతుంది. జబ్బు తొలి దశలో దెబ్బతినేది ఎముక మీది మెత్తటి పొర. అది సీటీకి కనిపించదు. ఎముక దాకా వచ్చాకే అది పట్టుకోగలదు.

ఫిల్ము షీటా, సీడీనా?

నాకు అన్నిటికన్నా పనికొచ్చేదిగా అనిపించిన అధ్యయనం 2007లో అమెరికాలోని లూయీవిల్ విశ్వవిద్యాలయం వారిది. ముప్పై పుర్రెల నుంచి 37 కీళ్లు తీసుకున్నారు. పంతొమ్మిది బాగున్నవి, పద్దెనిమిదింటిలో ఎముక తల బయటి అంచు కోతకు గురైంది. వాటికి ఓపీజీ, పాతరకం టోమోగ్రఫీ, సీబీసీటీ తీసి పదిమంది పరిశీలకులకు చూపించారు.

వాళ్లు వాడిన కొలమానాన్ని ఇలా అర్థం చేసుకోవచ్చు. ఒక మంచి కీలును, ఒక చెడిన కీలును పక్కపక్కన పెడితే చెడినదేదో సరిగ్గా చెప్పే అవకాశం ఎంత? 0.5 అంటే బొమ్మా బొరుసా వేసినట్టే. 1 అంటే ఎప్పుడూ సరైనదే. మామూలు ఓపీజీకి 0.64 వచ్చింది. పాత టోమోగ్రఫీకి 0.58. కొన్ని పొరలను మాత్రమే ఎంచి బొమ్మలుగా చూపిన సీబీసీటీకి 0.77. అదే సీబీసీటీని కంప్యూటరు తెర మీద పరిశీలకుడు తానే ముందుకూ వెనక్కూ జరుపుతూ చూసుకున్నప్పుడు 0.95.

చివరి రెండు అంకెలను మరోసారి చూడండి. స్కాన్ పద్ధతి అదే. పడిన రేడియేషన్ అంతే. చూసిన తీరు ఒక్కటే మారింది. ఆ ఒక్క మార్పుతో 0.77 కాస్తా 0.95 అయింది. లెడ్జరులో రెండు పేజీల జిరాక్సు చూసి ఆడిట్ చేయడానికి, లెడ్జరే చేతిలోకి తీసుకుని తిరగేయడానికి ఉన్న తేడా ఇది.

మన ఊళ్లలో స్కానింగ్ సెంటరు వాళ్లు పెద్ద కవరులో నల్లటి ఫిల్ము షీట్లు, ఒక పేజీ రిపోర్టు ఇస్తారు. మనం దాన్ని భద్రంగా బీరువాలో దాస్తాం, రెండో డాక్టరుకూ అదే చూపిస్తాం. ఆ షీటు మీద ఉండేది ఎవరో ఎంచిన కొన్ని పొరలు మాత్రమే. మొత్తం స్కాన్ ఉండేది సీడీలోనో వాళ్లు పంపే లింకులోనో. దాన్ని అడిగి తీసుకోవాలి. రెండో అభిప్రాయానికి వెళ్లినప్పుడు ఆ డాక్టరు ముందు పెట్టాలి. చాలా సందర్భాల్లో మళ్లీ స్కాన్ తీయవలసిన అవసరం కూడా దీనితో తప్పుతుంది.

చదివేవారి కళ్లు

యంత్రం ఎంత మంచిదైనా దాన్ని చదివేది మనిషి. ఇద్దరు రేడియాలజిస్టులు ఒకే స్కాన్ చూసి ఒకే మాట చెబుతారా? అమెరికాలో 724 మందితో జరిగిన పెద్ద పరిశోధన ఒకటి 2009లో ప్రచురితమైంది. అందులో ఎముక అరుగుదల ఉందో లేదో తేల్చడంలో శిక్షణ పొందిన రేడియాలజిస్టుల మధ్య ఏకాభిప్రాయాన్ని కొలిచారు. కాకతాళీయంగా కుదిరిన ఏకాభిప్రాయాన్ని తీసేసి లెక్కగట్టే ఈ కొలతలో సున్నా అంటే యాదృచ్ఛికమే, 1 అంటే సంపూర్ణ ఏకాభిప్రాయం. ఓపీజీకి 0.16, ఎంఆర్‌ఐకి 0.46, సీటీకి 0.71 వచ్చింది. ఓపీజీ చూసి ‘జాయింటు ఎముక అరిగింది’ అనో ‘బాగుంది’ అనో ఒకరు చెబితే పక్క గదిలో మరొకరు వేరేలా చెప్పే అవకాశం ఎంతో ఆ 0.16 చెబుతోంది. సీటీ అంతకన్నా చాలా నయం. అయినా 0.71 అనేది 1 కాదు.

డాక్టరు వేలితో తాకి, గరగర శబ్దం విని చెప్పేదో? ప్రపంచవ్యాప్తంగా డాక్టర్లు అనుసరించే రోగనిర్ధారణ ప్రమాణాలను 2014లో సవరించి ప్రచురించారు. అందులో ఎముక అరుగుదల విషయంలో చేతి పరీక్ష సెన్సిటివిటీ 55 శాతం, స్పెసిఫిసిటీ 61 శాతం. ఎముక గురించి నిర్ధారణకు రావాలంటే చేతి పరీక్ష ఒక్కటే చాలదని, సీటీ కావాలని ఆ ప్రమాణాలే చెబుతున్నాయి. ఇక్కడొక మెలిక గమనించాలి. ఈ రెండు చోట్లా కొలబద్ద సీటీయే. కొలబద్ద తన పొడవు తానే కొలుచుకోలేదు. అందుకే ముందు చెప్పిన పుర్రెల అధ్యయనాలకు విలువ. వాటిలోనూ ఎండు పుర్రె ఊపిరి పీల్చదు, మింగదు, కదలదు. బతికున్న మనిషిలో ఫలితం ఆ అంకెలకన్నా కాస్త తక్కువగా ఉంటుందని అనుకోవడమే న్యాయం.

ఎవరికి తీశామన్నదీ ముఖ్యమే

ఒకే స్కాన్, ఒకే యంత్రం. అయినా ఎవరికి తీశామన్నదాన్నిబట్టి దాని మాటకు విలువ మారుతుంది. లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. సెన్సిటివిటీ 80 శాతం, స్పెసిఫిసిటీ 90 శాతం.

నొప్పి లేకుండా ఉత్త ‘టక్’ శబ్దం మాత్రమే ఉన్న వందమందికి స్కాన్ తీశామనుకోండి. వారిలో పదిమందికే నిజంగా ఎముక మార్పులున్నాయనుకుందాం. స్కాన్ ఆ పదిమందిలో ఎనిమిది మందిని పడుతుంది. మిగిలిన తొంభైమందిలో తొమ్మిదిమందిని కూడా పొరపాటున పడుతుంది. ‘ఎముక దెబ్బతింది’ అని రిపోర్టు వచ్చిన పదిహేడు మందిలో సగం కంటే ఎక్కువమందికి ఏమీ లేదన్నమాట.

ఇప్పుడు గరగర శబ్దం, నెలల తరబడి నొప్పి, పళ్ల కలయిక మారిపోవడం ఉన్న వందమందిని తీసుకోండి. వీరిలో అరవైమందికి మార్పులున్నాయనుకుందాం. స్కాన్ నలభై ఎనిమిది మందిని సరిగ్గా పడుతుంది, నలుగురిని మాత్రమే పొరపాటున. ఇక్కడ ‘ఉంది’ అన్న మాట దాదాపు ఖాయం. కానీ ‘లేదు’ అని వచ్చిన నలభై ఎనిమిది మందిలో పన్నెండు మందికి, అంటే నలుగురిలో ఒకరికి, జబ్బు ఉంది. స్కాన్ బాగుందని వచ్చినా డాక్టరు మూడు నెలల తర్వాత మళ్లీ రమ్మన్నారంటే అది డబ్బు కోసం అనుకోనక్కర్లేదు.

కనబడిన ప్రతి మార్పూ జబ్బు కాదు

ఇందాక ఆపిన సంగతికి వద్దాం. పైన చెప్పిన ప్రమాణాల ప్రకారం కోత, ఎముక ముల్లు, పైపొర కింద గుంట, ఎముక అంతటా గట్టిపడటం ఇవి అరుగుదల జబ్బుకు గుర్తులు. ఉత్త చదునుబారడం, కొద్దిచోట మాత్రం గట్టిపడటం ఇవి అలా కావు. వయసుతోపాటు, నమలడంలోని భారానికి తగ్గట్టు ఎముక తనను తాను సర్దుకున్న ఆనవాళ్లు కూడా కావచ్చు. మా బంధువుల ఇంట్లో ఒక పెద్దావిడ రిపోర్టులో ‘మైల్డ్ ఫ్లాటెనింగ్’ అనే రెండు మాటలు చూసి ఇంటిల్లిపాదీ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. మూడో రోజు డాక్టరు అది చూసి, ఆమె వయసు అడిగి, కవరు మూసి పక్కన పెట్టారు. నొప్పి కండరాలదని తేలింది.

స్కాన్‌లో కనబడే నష్టానికీ నొప్పికీ తిన్నగా సంబంధం ఉండదు. ఎముక బాగా అరిగినా నొప్పి లేకుండా వక్కపలుకులు నమిలే తాతయ్యలున్నారు. స్కాన్ శుభ్రంగా ఉన్నా నొప్పితో రాత్రంతా కూర్చునే యువతులున్నారు. అందుకే చికిత్స బొమ్మను చూసి కాక మనిషిని చూసి మొదలవుతుంది. మెత్తటి ఆహారం, వేడి కాపడం, దవడ వ్యాయామాలు, మందులు, అవసరమైతే పళ్ల మీద పెట్టుకునే స్ప్లింట్. ఎక్కువమందికి ఇవే సరిపోతాయి. స్కాన్ బొమ్మ ఒక్కటే చూపించి ఎవరైనా ఆపరేషన్ అంటే రెండో అభిప్రాయం తీసుకునే హక్కు మనకుంది.

పిల్లల విషయంలో రెండు మాటలు ప్రత్యేకంగా చెప్పాలి. ఎదిగే వయసులో కాండైల్ ఎముక పైపొర ఇంకా పూర్తిగా ఏర్పడి ఉండదు. ఇరవై దాటేదాకా ఆ పని సాగుతూనే ఉంటుంది. పళ్లకు క్లిప్పులు వేసేముందు పదిహేనేళ్ల పిల్లకు తీసిన స్కాన్‌లో పైపొర పలుచగా, తెగినట్టు కనబడితే అది కోత కాకపోవచ్చు, ఎదుగుదల కావచ్చు. పిల్లల ఎముకలు చూసిన అనుభవం ఉన్నవారు చదవడం అవసరం.

రెండోది దీనికి పూర్తిగా ఎదురు. మెట్ల మీదనో సైకిలు మీదనుంచో పడి పిల్లల గడ్డం పగులుతుంది. గడ్డానికి రెండు కుట్లు వేయించి ఇంటికి తీసుకొస్తాం. గడ్డానికి తగిలిన దెబ్బ ఎముక గుండా నేరుగా చెవి ముందున్న కీలుకు చేరుతుందని తట్టదు. అక్కడ కాండైల్ విరిగి, ఎవరూ గమనించకపోతే, నెలలు గడిచేకొద్దీ దవడ ఎముక పుర్రె ఎముకతో అతుక్కుపోవచ్చు. దాన్ని యాంకైలోసిస్ అంటారు. నోరు వేలెడు కూడా తెరుచుకోదు. దవడ ఎదుగుదల ఆగి గడ్డం వెనక్కు పోతుంది. తినడం, మాట్లాడటం, పళ్లు తోముకోవడం, నిద్రలో ఊపిరి తీసుకోవడం అన్నీ కష్టమవుతాయి. ఈ జబ్బుకు ప్రధాన కారణాల్లో దెబ్బలు ముందుంటాయి, చెవిలో చీము వంటి ఇన్‌ఫెక్షన్లు మరో కారణం. గడ్డం మీద పడిన పిల్లవాడు నోరు తెరిచేటప్పుడు దవడ ఒక పక్కకు లాగుతున్నా, పళ్లు మునుపటిలా కలవకపోయినా, చెవి ముందు నొక్కితే ఏడ్చినా అక్కడ ఓపీజీతో సరిపెట్టుకోకుండా సీటీ గురించి డాక్టరును అడగండి. విరిగిన ఎముకను చూపడంలో సీటీకి సాటి లేదు. ఇలాంటిచోట రేడియేషన్ భయంతో వెనకాడటం నా దృష్టిలో సరైన లెక్క కాదు.

రేడియేషన్ లెక్క

భయం ఉండటం సహజమే, కాబట్టి దాన్నీ అంకెల్లోనే చూద్దాం. భూమి నుంచి, ఆకాశం నుంచి, గాలి నుంచి ఏమీ చేయకుండానే ప్రపంచంలో సగటు మనిషికి ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌ల రేడియేషన్ పడుతుంది. ఓపీజీ ఒకటి తీస్తే పడేది అందులో వందో వంతు అటూఇటూ. సీబీసీటీలో యంత్రాన్ని, చూసే ప్రాంతం వెడల్పును బట్టి చాలా తేడా ఉంటుంది. మొత్తంమీద మిల్లీసీవర్ట్‌లో వందో వంతుల నుంచి పదో వంతుల దాకా. తలకు తీసే మామూలు సీటీ 2 మిల్లీసీవర్ట్‌ల దరిదాపుల్లో ఉంటుంది. పెద్దవారికి అవసరమై ఒకసారి తీయిస్తే బెంగపడవలసింది కాదు. పిల్లల్లో మాత్రం, ‘ఎందుకైనా మంచిది’ అని ఏటా తీయించడం మంచిది కాదు. మన దేశంలో ఈ యంత్రాలకు అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఉండాలి.

సెంటరుకు వెళ్లేటప్పుడు కాగితం మీద డాక్టరు ఏమి రాశారో చూసుకోండి. ‘టీఎమ్‌జే, రెండు పక్కలా’ అని ఉందా, నోరు మూసి మాత్రమేనా, తెరిచి కూడా తీయాలా అన్నది స్పష్టంగా ఉంటే మళ్లీ పిలిపించుకునే అవస్థ ఉండదు. ఏ అనుమానంతో తీయిస్తున్నారో ఒక వాక్యం రాయించుకుంటే చదివే రేడియాలజిస్టు ఎక్కడ వెతకాలో తెలుసుకుంటారు. చెవి కమ్మలు, ముక్కుపుడక, తీసి పెట్టుకునే పళ్ల సెట్టు ఉంటే ముందే తీసేయాలి, లోహం బొమ్మలో చారలు తెస్తుంది. స్కాన్ జరిగేంతసేపు మింగకుండా, కదలకుండా ఉండాలని ఇంట్లో పెద్దవారికి ముందుగానే చెప్పి ఉంచండి. ఆడవారు గర్భంతో ఉంటే, ఉండవచ్చన్న అనుమానం ఉన్నా, కౌంటర్‌లోనే చెప్పాలి. పాత స్కాన్ ఏదైనా ఉంటే వెంట తీసుకెళ్లండి, రెండేళ్ల కిందటి ఎముకను నేటి ఎముకతో పోల్చి చూసే వీలు చదివేవారికి దానితోనే దొరుకుతుంది. బిల్లుతోపాటు సీడీ ఇచ్చారో లేదో చూసుకుని, ఇంటికి రాగానే కంప్యూటరులో ఒకసారి తెరుచుకుంటోందో లేదో సరిచూసుకోండి.